పడసాలలో రెండోసారి జరిగిన ఫైనల్

మా వైపు ఊళ్ళ బాల్ బ్యాడ్మింటన్ కప్పు పోటీల్లో ఒక ఏటిది మాత్రం రెండుసార్లు జరిగింది. మొదటిసారి జమ్మలమడుగు మైదానంలో, వందలమంది చూస్తుండగా. రెండోసారి ప్రొద్దుటూరులో మా ఇంటి పడసాలలో, నేనూ మా మామా చింతగింజలతో ఆడాం. రెండోదానికి వచ్చిన ప్రేక్షకురాలు మా అవ్వ ఒక్కతే. ఆమెకు చూపు సరిగా ఆనదు.

మామ అంటే నా మొగుడే. మా అమ్మకు సొంత తమ్ముడు. మేనమామను చేసుకోవడం మా వైపు మామూలే. పుట్టినప్పటి నుంచి మామా అని పిలిచాను, పెళ్ళయ్యాక కూడా అదే పిలుపు, అదే నువ్వు. అవ్వ నాకు అవ్వా, అత్తా రెండూ. కాబట్టి కాపురానికి వచ్చినప్పుడు నేను కొత్తగా సిగ్గుపడటం నేర్చుకోవాల్సిన పని పడలేదు. పోట్లాటలు కూడా పాతవే, ఎక్కడ ఆగాయో అక్కడి నుంచి మొదలుపెట్టాం.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మామ హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. సాయంత్రం బడి వదలగానే పంచె విప్పి నిక్కరు తొడుక్కుని మైదానానికి పరుగు. ఇప్పటి పిల్లలకు బ్యాడ్మింటన్ అంటే ఈకల బంతి. మా కాలంలో పసుపుపచ్చ ఉన్ని బంతి, కొయ్య బ్యాటు, వలకు అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. ఇరవై తొమ్మిది పాయింట్లు ముందు చేరినవాళ్ళది ఆట. మూడు ఆటల్లో రెండు గెలిస్తే మ్యాచి. ప్రొద్దుటూరు జట్టుకు మామ కెప్టెను. ఆడవాళ్ళు ఆట చూడటానికి పోయే అలవాటు అప్పట్లో లేదు గనక, నేను ఒక్క మ్యాచి కూడా చూడలేదు. బ్యాటు మాత్రం చూశాను. ఇంట్లో దేవుడి పటాలకన్నా ఒక మేకు పైన దాన్ని తగిలించేవాడు. అవ్వ రోజూ దాన్ని కిందికి దించేది, మామ రోజూ పైకెక్కించేవాడు.

జట్టులో మామ జతగాడు ఒక దర్జీ. ముస్లిముల ఇంటివాడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నారు. మామకు చదువు వచ్చింది, ఆయనకు కుట్టు వచ్చింది, ఇద్దరికీ బ్యాటు పట్టడం వచ్చింది. బజారులో మిషను పెట్టుకుని చొక్కాలు, రవికెలు కుట్టేవాడు. జట్టులో ఎవరి బ్యాటుకు అల్లిన నరాలు తెగినా బిగించేది కూడా ఆయనే. ఆయన వల దగ్గర ముందు నిలబడితే, మామ వెనక నిలబడేవాడు. ముందువాడు వదిలేసిన బంతి వెనకవాడు తీసుకోవాలి. మా పెళ్ళికి మామ వేసుకున్న చొక్కా ఆయన కుట్టిందే. దానికి కూలి తీసుకోమంటే ఆయన మూడు రోజులు అలిగాడని అవ్వ చెప్పేది. నేను ఆయన్ను దర్జీ అన్నా అని పిలిచేదాన్ని.

మా పెళ్ళైన మొదటి ఏడే ఆ ఫైనల్ జరిగింది. మా ఊరూ పులివెందులా. చెరొక ఆట గెలిచారు. మూడో ఆటలో మావాళ్ళు ఇరవై ఎనిమిది, వాళ్ళు ఇరవై ఏడు. ఇంకొక్క పాయింటు వస్తే కప్పు మాది. పులివెందులవాడు కొట్టిన బంతి ఎత్తుగా వచ్చింది. దర్జీ అన్న బ్యాటు ఎత్తి, మళ్ళీ వెనక్కి లాక్కున్నాడు. బంతి మామ తల మీదుగా పోయి గీత అవతల జానెడు దూరంలో పడింది. బయట పడింది కాబట్టి పాయింటు మాది, కప్పు మాది. ప్రొద్దుటూరు నుంచి బస్సులెక్కి వచ్చినవాళ్ళు తువ్వాళ్ళు గాలిలోకి ఎగరేశారు.

అప్పుడు దర్జీ అన్న చెయ్యెత్తాడు. "నా బ్యాటుకు తగిలిందప్పా" అన్నాడు.

అంపైరు చూడలేదు. పులివెందులవాళ్ళు కూడా చూడలేదు. తగిలిందా అని ఎవరూ అడగనే లేదు. ఆ రోజుల్లో అనుమానం వస్తే అంపైరు ఆటగాణ్ణే అడిగేవాడు, ఆటగాడి మాటే తీర్పు. కానీ ఇక్కడ అనుమానమే రాలేదు. ఆయనంతట ఆయనే చెప్పాడు. తగిలిందంటే పాయింటు వాళ్ళది. ఇరవై ఎనిమిదీ ఇరవై ఎనిమిదీ సమానమయ్యాయి. తర్వాతి పాయింటు కూడా పులివెందులకే పోయింది, దాంతో కప్పూ పోయింది.

తిరుగు బస్సులో వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చోలేదు. మరునాటి నుంచి మాటల్లేవు. మామ ఒక్కడైతే సరిపోయేది, ఊరు కూడా ఊరుకోలేదు. బజారులో పోయేవాళ్ళు ఆయన మిషను ముందు ఆగి, "ఏమప్పా ధర్మరాజా, మా చొక్కాకు సూది తగిలిందా లేదా?" అని నవ్వేవాళ్ళు. నాలుగు నెలలు ఓర్చుకున్నాడు. తర్వాత మిషను బండికెత్తించి, జమ్మలమడుగులో బావమరిది అంగడికి మకాం మార్చేశాడు. బండి మా వీధి చివరి నుంచే పోయింది. మామ ఇంట్లోనే ఉన్నాడు, గుమ్మం దాటలేదు. నేను పోయి చూద్దామంటే, "పనేమీ లేదా నీకు?" అని కసిరాడు. ఆ కసురు నాకు ఈ రోజుకీ గుర్తుంది.

అప్పటి నుంచి మా ఇంట్లో అన్నం పెట్టడమంటే ఆ ఫైనల్ వినడమే. మొదటి ముద్దకు మొదటి ఆట, పులుసు అన్నానికి రెండో ఆట, మజ్జిగ దగ్గరకొచ్చేసరికి దర్జీ అన్న చెయ్యెత్తేవాడు.

"అడిగినారా వాణ్ణి? ఎవురన్నా అడిగినారా? అడగకుండానే ఏంటికి చెప్పల్ల?"

"తగిలింది గాబట్టి చెప్పినాడు మామా."

"నీకేం తెలుసు! నువ్వు చూసినావా?"

చూడలేదు నిజమే. చూడనివ్వలేదు, చూడలేదు. ఏడాది తిరిగేసరికి ఆ మజ్జిగ ఘట్టం నాకు కంఠస్థం. మళ్ళీ వేసవి వచ్చింది. ఆ ఏడు పోటీలు సెలవుల చివర్లో, పులివెందులలో అన్నారు. జట్టు పేర్లు రాసి పంపాలని కుర్రవాళ్ళు ఇంటికొచ్చి అడిగితే, "నేనాడను, మీరు పోండి" అన్నాడు మామ. వాళ్ళు పోయాక బ్యాటు మేకు మీది నుంచి దించి పాత పెట్టెలో పెట్టాడు. అవ్వ దించినప్పుడు కోప్పడే మనిషి తానే దించేసరికి నాకు భయం వేసింది. దర్జీ అన్న లేకుండా ఆయన ఆడలేడు. దర్జీ అన్నను రమ్మని అడగనూ లేడు. ఈ ముడి ఇలాగే ఉంటే ఆ మనిషి ముప్పై ఏళ్ళకే ముసలివాడవుతాడని నాకు అనిపించింది. అనిపిస్తే ఊరుకునే రకం కాదు నేను.

ఒక ఆదివారం మజ్జిగ దగ్గర నాకు ఒళ్ళు మండింది. "నోటితో ఎన్నిసార్లు ఆడతావు మామా? ఒక్కసారి చేత్తో ఆడి చూడు. ఆయప్ప చెయ్యెత్తకపోతే గెల్చేవాడివో లేదో తేలిపోతుంది" అన్నాను.

"ఎట్లాడేది?"

అవ్వ బారాకట్ట ఆడే చింతగింజల మూట చూపించాను. ఒకవైపు రాతి మీద అరగదీసిన గింజలు. విసిరితే కొన్ని తెల్లగా పడతాయి, కొన్ని నల్లగా పడతాయి. ప్రతి పాయింటుకూ అటొకరు ఇటొకరు గింజలు వేయాలి. ఎవరికి తెల్లవి ఎక్కువ పడితే పాయింటు వాళ్ళది. సమానంగా పడితే మళ్ళీ వేయాలి. బాగా ఆడేవాడికి ఆరు గింజలు, నడిమి రకానికి అయిదు, అంతంతమాత్రం వాడికి నాలుగు. జట్టులో అయిదుగురూ వరస ప్రకారం రావాలి. అంతే ఆట.

లెక్కల మేష్టరుకు ఇంతకన్నా ఏం కావాలి? చెయ్యి కూడా సరిగా కడుక్కోకుండా పోయి స్కోరు పుస్తకం తెచ్చాడు. పోయినేటి పోటీలో ఆడిన అయిదు ఊళ్ళ ఆటలూ అందులో ఉన్నాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, కమలాపురం, మైదుకూరు. ఎవరు ఏ పాయింటు తెచ్చారు, ఎవరు పోగొట్టారు, అంతా మామ సొంత చేతిరాత. దాన్ని పట్టి ఇరవై అయిదుమందికీ గింజలు పంచడం మొదలుపెట్టాం. ఇరవైనాలుగుమంది దాకా బాగానే జరిగింది. దర్జీ అన్న పేరు రాగానే, "వానికి నాలుగు" అన్నాడు మామ.

"పుస్తకంలో అందరికన్నా తక్కువ పాయింట్లు పోగొట్టింది ఆయప్పే. ఆరు ఇయ్యల్ల."

"కప్పు పోగొట్టినోనికి ఆరా?"

"కప్పు ఎవరు పోగొట్టినారో గూడా పుస్తకంలో ఉంది మామా" అన్నాను.

ఆఖరి పాయింటు ఎదుట, వలలో కొట్టినట్టు గుర్తు పెట్టి, తన పేరే రాసుకున్నాడు ఆ మనిషి. ఏడాది పొడుగునా మజ్జిగ ఘట్టంలో ఆ ముక్క ఎప్పుడూ రాలేదు. చెయ్యెత్తడంతో ఆపేసేవాడు. నేను ఆ పుట మీద వేలు పెట్టి చూపించేసరికి కిందికి చూస్తూ, "సరే, ఆరు" అన్నాడు. పుస్తకం చెప్పినట్టు ఆడతాం గానీ నీ కోపం చెప్పినట్టు ఆడం అని అప్పుడే ఖాయం చేశాను.

పడసాలలో నేల అలికి, ముగ్గుపిండితో కోర్టు గీశాను. నడుమ వలకు బదులు అవ్వ ఊతకర్ర అడ్డం పెట్టాం. పనిపడి అవ్వ లేవాలంటే ఆట ఆపి కర్ర ఇచ్చేవాళ్ళం. ప్రొద్దుటూరు గింజలు మామ వేయాలి, మిగిలిన ఊళ్ళవి నేను. మా ఊరు ఆడని మ్యాచిలకు ఒక ఊరిని ఆయన తీసుకునేవాడు. ఆదివారం మధ్యాహ్నాలు, బడి సెలవులిచ్చాక రోజూ మధ్యాహ్నాలు, బయట ఎండ మండిపోతుంటే మేం లోపల మ్యాచిలాడాం. ముందు మ్యాచిలు ఒక్కో ఆటే, ఫైనల్‌కు మాత్రం మూడు ఆటలు అనుకున్నాం.

అంత సంతోషంగా ఉన్న రోజులు మా కాపురంలో అంతకుముందు లేవు. మామ గింజలను తిట్టేవాడు, బతిమాలేవాడు, అరచేతుల మధ్య కుదిపి ఊదేవాడు. బంతి ఎలా తిరుగుతుందో, గాలి ఎదురైతే ఎలా కొట్టాలో, వెనకవాడు ముందువాడి భుజం చూసి బంతి ఎక్కడికి పోతుందో ఎలా కనిపెడతాడో నాకు చెప్పేవాడు. అలా చెప్పేటప్పుడు నాలుగు మాటలకొకసారి దర్జీ అన్న వచ్చేవాడు. "వాడు భుజం ఇట్ల దించినాడంటే వదిలేస్తాడని అర్థం" అని చేసి చూపించి, చూపించిన తర్వాత ఎవరి గురించి మాట్లాడుతున్నాడో గుర్తొచ్చి, మొహం గంటు పెట్టుకునేవాడు. నేను చూడనట్టు ఉండేదాన్ని.

కమలాపురం జమ్మలమడుగును చిత్తుగా ఓడించింది. నిజం పోటీలో అది జరగలేదు. మామ ఒక పూటంతా ఒప్పుకోలేదు. అవ్వ మాత్రం, "గింజలు చెప్పినాక ఇంగేముంది" అని తేల్చేసింది. నాకు పులివెందుల మీద మనసైంది. నేనెన్నడూ చూడని అయిదుగురు మగవాళ్ళు. అయినా వాళ్ళ తరఫున వేస్తూ వేస్తూ ఒక్కొక్కరికీ ఒక మొహం కల్పించుకున్నాను. అందులో ఎడమచేతివాటం ఆటగాడొకడు, నేనెప్పుడు వేసినా నన్ను చిన్నబుచ్చేవాడు కాదు. "వాడు నిజానికి బట్టతలోడు" అని మామ ఒకరోజు చెప్పేసరికి నాకు నిజంగానే కష్టమనిపించింది. మొత్తానికి చివరికి మిగిలింది మళ్ళీ ఆ రెండు ఊళ్ళే. పోయినేడు లాగే ప్రొద్దుటూరూ పులివెందులా ఫైనల్‌కు వచ్చాయి.

ఫైనల్ రోజు మామ తలస్నానం చేశాడు. మొదటి ఆట మాది, రెండోది పులివెందులది. మూడో ఆటలో ఒకరు రెండు ముందుకు పోతే ఇంకొకరు పట్టుకుంటూ వచ్చి, ఇరవై ఎనిమిదీ ఇరవై ఎనిమిదీ దగ్గర నిలిచాం. ఇంకొక్క పాయింటు ఎవరిదైతే కప్పు వాళ్ళది. వరసలో ఇప్పుడు పులివెందులకు నా ఎడమచేతివాటం ఆటగాడు. ప్రొద్దుటూరుకు దర్జీ అన్న. మామ ఆ ఆరు గింజలూ లెక్కపెట్టి చేతిలోకి తీసుకున్నాడు.

ముందు నేను వేశాను. మూడు తెల్లగా పడ్డాయి.

సరిగ్గా అప్పుడే వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చింది. "నేనొచ్చేదాకా వేయద్దు మామా" అని చెప్పి పరుగెత్తాను. గిన్నె దించుతుంటేనే గింజలు నేల మీద పడిన చప్పుడు వినపడింది. ఓపిక లేని మనిషి, ఆగలేదు. కొంగు చేతికి చుట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చాను. నేను వచ్చింది ఆయన చూడలేదు.

మూడు తెల్లవి, మూడు నల్లవి. నా కంటితో చూశాను. సమానం, అంటే మళ్ళీ వేయాలి. అంతకన్నా ఏమీ లేదు. ఓడిపోలేదు కూడా. మామ ఒక క్షణం వాటి వైపే చూశాడు. అవ్వ వైపు చూశాడు, ఆమె గోడకు ఆనుకుని కునుకుతోంది. అప్పుడు చిటికెనవేలు చాపి ఒక నల్లగింజను తెల్లగా తిప్పాడు.

నేను వెనక్కి తగ్గి, గిన్నె చప్పుడు చేసి, మళ్ళీ వచ్చాను. "ఎన్ని పడినాయి మామా?" అని అడిగాను.

"నాలుగు."

కోపం తర్వాత వచ్చింది. ముందు మాత్రం ఏడుపు వచ్చింది, మింగేశాను. నాలుగు అని పుస్తకంలో రాశాను. ప్రొద్దుటూరు ఇరవై తొమ్మిది అని రాశాను. అవ్వను లేపి చెబితే ఆమె సంబరపడి బెల్లం ముక్క అందరి నోట్లో పెట్టింది. మామ కూడా నవ్వాడు. బెల్లం నములుతూ ఆయన దవడ కదలడం చూస్తుంటే లేచి చెంబు విసిరికొట్టాలనిపించింది. ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. ఎందుకు అనలేదో అప్పుడు నాకే తెలియదు.

తర్వాత మూడు రోజులు మా ఇంట్లో జరిగింది చెబితే నమ్మరు. మామ బావి నుంచి నీళ్ళు తోడిపెట్టాడు. పప్పు బాగుందన్నాడు. అవ్వ కాళ్ళు పిసికాడు. బజారు నుంచి అడగకుండా మల్లెపూలు తెచ్చాడు. మామూలుగా ఉప్పు తెమ్మని మూడుసార్లు చెబితే చింతపండు తెచ్చే మనిషి. ఇవన్నీ నా కోసం చేస్తున్న పనులు కావనీ, దేనికో బదులు చెల్లిస్తున్నాడనీ నాకు తెలుస్తూనే ఉంది. ఫైనల్ కథ కూడా మానేశాడు. మజ్జిగ నిశ్శబ్దంగా తాగి లేచిపోయేవాడు. గెలిచిన మనిషి తాగే తీరు కాదది.

నాలుగో రోజు రెండు ముద్దలు తిని చెయ్యి ఆపాడు.

"నాలుగు పడలా" అన్నాడు.

నేను పులుసు గరిటె కింద పెట్టాను.

"మూడే పడినాయి. ఒకటి నేను తిప్పినా."

"తెలుసు మామా. చూసినా."

తలెత్తి నా వైపు చూశాడు. అంత సిగ్గు ఒక మనిషి మొహంలో నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. "చూసి ఏంటికి చెప్పలా?"

"నువ్వు చెప్తావని."

ఆ మాట అన్నాకే, ఎందుకు ఊరుకున్నానో నాకూ తెలిసింది. ఆయన చాలాసేపు విస్తరి అంచు మడుస్తూ కూర్చున్నాడు. తర్వాత తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "నువ్వు అడిగినావు. అడిగినా నేను అబద్ధం చెప్తి. ఉత్త చింతగింజలకు. వాణ్ణి ఎవురూ అడగను గూడా అడగల్యా. అంతమంది ఉండారు చుట్టూ, కప్పు ముందర పెట్టినారు. వాడు చెప్పినాడు."

"పోయి ఆయప్పకే చెప్పు" అన్నాను. పోతాను అన్నాడు. పోతాననడం వేరు, పోవడం వేరని తెలిసినదాన్ని గనక, ఆదివారం పొద్దున్నే అవ్వకు వండిపెట్టి, చీర మార్చుకుని, నేను కూడా బస్సెక్కాను.

జమ్మలమడుగులో క్రైస్తవుల మిషన్ ఆసుపత్రికి పోయే దారిలో ఉంది ఆ అంగడి. దర్జీ అన్న ఏదో లంగా అంచు కుడుతున్నాడు. మమ్మల్ని చూసి కాలు ఆపాడు. మిషను చక్రం దానంతట అది రెండు చుట్లు తిరిగి నిలిచింది. కొంచెం చిక్కాడు అనిపించింది.

"బాగుండావా పాపా?" అని నన్ను అడిగాడు. మామ వైపు తిరగకుండా, "చొక్కా కుట్టల్నా?" అన్నాడు.

"లేదు" అన్నాడు మామ. గుమ్మంలోనే నిలబడి మొదలుపెట్టాడు. అయిదు ఊళ్ళూ, గింజలూ, ఇరవై ఎనిమిదీ ఇరవై ఎనిమిదీ, పాలు పొంగడం, వేలు చాపడం, మల్లెపూలతో సహా అంతా చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు. దర్జీ అన్న మెడలో టేపు రెండు చేతులతో పట్టుకుని విన్నాడు.

"అవి నా గింజలేనా?" అని అడిగాడు చివరికి.

"నీవే. ఆరు."

"ఆరు ఇచ్చినావా నాకు?"

"నేనియ్యలా. ఈ మనిషి ఇచ్చింది. నేను నాలుగంటి."

దర్జీ అన్న నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. లంగా గుడ్డ పక్కకు జరిపి, నేల చూస్తూ మాట్లాడాడు. "నాకేమో అలవోకగా లేచిందనుకుంటాండావా ఆ పొద్దు చెయ్యి? తగిలింది నాకు తెలుసు. ఎవురూ చూల్లేదని గూడా తెలుసు. వెనక్కి తిరిగితే నువ్వు నగుతాండావు నా తట్టు చూసి. చిన్నప్పటి నుంచి నీ మొగంలో అంత సంతోషం నేను చూసింది ల్యా. చెప్పకుండా ఉండిపోదామనే అనుకున్యా, నీ కోసరం. శానా బరువుగా లేచిందప్పా చెయ్యి." మెడలో టేపు తీసి బల్ల మీద పెట్టాడు. "కప్పు పోతుందని తెలుసు. నువ్వు గూడా పోతావని తెలీలా."

మామ గుమ్మానికి ఆనుకుని ఏడ్చాడు. ముప్పై ఏళ్ళ మనిషి, బడిలో పిల్లలను గడగడలాడించే మనిషి, వీధిలో పోయేవాళ్ళు చూస్తున్నా ఆపుకోలేదు. దర్జీ అన్న లేచి భుజం పట్టుకుని లోపలికి తెచ్చి స్టూలు మీద కూర్చోబెట్టాడు. నేను గోడన వేలాడే చొక్కాల వైపు తిరిగి నిలబడ్డాను, నా మొహం కూడా బాగా లేదు.

కాసేపటికి దర్జీ అన్నే అన్నాడు. "పులివెందులకు ఎన్ని పడినాయి?"

"మూడు" అన్నాను.

"మాకూ మూడే గదా. సమానమైతే మళ్ళీ వేయల్ల అంటిరి. అట్లయితే ఆట అయిపోలా ఇంగా."

గింజలు తేలేదని చెప్పాను. ఆయన డబ్బాలోంచి ఆరు చొక్కా గుండీలు తీశాడు. ఒకవైపు గుంట, ఒకవైపు సాపు. గుంట పైకి పడితే లెక్క అనుకున్నాం. ముందు నేను వేశాను, నా బట్టతల ఆటగాడి తరఫున. నాలుగు పడ్డాయి. దర్జీ అన్న గుండీలు చేతిలోకి తీసుకుని మామ ముందు పట్టాడు, ఊదమన్నట్టు. మామ కళ్ళు తుడుచుకుంటూ ఊదాడు. కుట్టుబల్ల మీద పడి దొర్లి ఆగాయి. ముగ్గురం తలలు వంచి చూశాం. రెండే.

"పాయె" అన్నాడు మామ. తర్వాత ఇద్దరూ ఒకేసారి నవ్వడం మొదలుపెట్టారు. నేను పులివెందుల గెలిచిందని చప్పట్లు కొట్టాను, మామ నా వైపు చూసి మరీ నవ్వాడు. లోపలి నుంచి దర్జీ అన్న భార్య ఏమైందని పరుగెత్తుకొచ్చింది. కప్పు పోయిందమ్మా అని చెప్పి, మళ్ళీ నవ్వారు. ఆమె మమ్మల్ని వింతగా చూసి, టీ కాచడానికి పోయింది.

అన్నాలు అక్కడే తిన్నాం. సాయంత్రం బస్సు దాకా దర్జీ అన్న వచ్చాడు. దారంతా ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. బస్సు కదలబోతుంటే మామ కిటికీలోంచి తల బయటకు పెట్టాడు.

"పులివెందుల పోటీలకు నీ పేరు గూడా రాయల్నా?" అన్నాడు.

దర్జీ అన్న ఆశ్చర్యంగా చూశాడు. "ఇంగా రాయల్యా?" అన్నాడు.